తోలు మాది, తొవ్వ ఎవరిది?

తెలుగులో మొట్టమొదటి యాత్రాగ్రంథంగా పేరుపడ్డ ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ మనుషుల భుజాల మీద పుట్టింది. 1830 మే నెలలో మద్రాసులో లేచిన ఆయన పల్లకీ హైదరాబాదు దాటి, మా నిర్మల మీదుగనే నాగపూరు దిక్కు పోయింది. 1831 సెప్టెంబరులో తిరిగి మద్రాసు చేరింది. పుస్తకం 1838లో అచ్చయింది. పల్లకీల కూసున్నాయన పేరు పోటీ పరీక్షలు రాసే ప్రతి పిలగానికి నోటికొస్తది. మోసిన బోయీల పేర్లు ఏ పరీక్షల అడుగుతరు? గుట్ట ఎక్కింది వాళ్లు, వాగు దిగింది వాళ్లు, ముల్లు గుచ్చుకున్నది వాళ్ల కాలికి. యాత్ర చేసింది మాత్రం కూసున్నాయన!

రెండు వందల ఏండ్ల కింది ముచ్చట ఇప్పుడెందుకు తవ్వుతున్నవని అంటరు. ఆదివారం అనుబంధాల్లో వచ్చే యాత్రా వ్యాసాలు చదివి తవ్వుతున్న. పల్లకీ పోయి బుల్లెట్ బండి వచ్చింది, చూపు మాత్రం పల్లకీదే. ఆదిలాబాద్ అంటే జలపాతం, అడవి, చలి, ‘తెలంగాణ కాశ్మీరం’. కరీంనగర్ అంటే కోట, గుడి, డ్యాము. ఇక్కడి మనుషులు ఎటు పోయిండ్రు? ఫొటో అంచుకు, నెత్తి మీద కట్టెల మోపుతోని, పేరు లేకుండ నిలబడ్డరు.

మా ఇంట్ల ప్రయాణాల చరిత్ర వేరే ఉన్నది. అది ఎవలూ అచ్చెయ్యలేదు గనుక ఇక్కడ చెప్తున్న.

మానేరు ఒడ్డు ఊరు మాది. మా తాత వెట్టి మాదిగ. దొరకు చెప్పులు కుట్టాలె, మోట బొక్కెనలు కుట్టాలె, ఎడ్లకు తోలు పట్టెడలు చెయ్యాలె, అన్నీ పుణ్యానికే. సర్కారు కాయితాలు ఈ ఊరి నుండి ఆ ఊరికి మోయాలె. దొరసాని పుట్టింటికి పోతే సవారి కచ్చురం ముంగట ఒకడు, ఎన్క ఒకడు ఉరకాలె. ఎడ్లు అలిసిపోతే ఆపుతరు, నీళ్లు తాపుతరు. ఉరికేటోడు అలిసిపోతే? వాడు అలవకూడదు. నిజాం కాలపు తెలంగాణ వెట్టి గురించి రాసినోళ్లందరు ఈ ఉరుకుడు గురించి రాసిండ్రు, నేను కొత్తగ కల్పించింది గాదు. మా తాత చూసినన్ని ఊర్లు మా ఊర్ల ఇంకెవలూ చూడలేదు. గని ఒక్క ఊరుకు సుత చూడటానికి పోలేదు.

ఆ కచ్చురానికి కట్టిన పట్టెడలు మా తాత చేతివి. అందుల కూసున్నోళ్ల కాళ్లకున్న కిర్రు చెప్పులు మా తాత చేతివి. తంగేడు చెక్క లందల పోసి, రోజుల తరబడి ఆ కంపుల తోలు అదును చేసి, ఆరె, రంపె పట్టి కుట్టిన మనిషికి గడి ముంగట చెప్పులు తొడిగే హక్కు లేకుండె. లోకానికి నడక నేర్పిన కులం తాను మాత్రం ఉత్త కాళ్లతోని నడిచింది. హిందూ ధర్మం ఎంత గొప్పదో చెప్పమని నన్ను ఎవలన్న అడిగితే నేను గీత తెరువను, ఆ ఉత్త కాళ్లను చూపెడత.

మా బాపు కాలానికి సైకిలు వచ్చింది. సైకిలు వచ్చినా గడి ఉన్నదాయె. గడి గోడ మొదలు కాంగనే దిగాలె, చెప్పులు హ్యాండిలుకు తగిలియ్యాలె, గోడ దాటినదాక నడిపించుకుంట పోవాలె. 1978 సెప్టెంబరుల జగిత్యాలల రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరుల సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. ఊర్లు కదిలినయి, దొరలు ఒక్కొక్కలు కరీంనగర్, హైదరాబాద్ బాట పట్టిండ్రు. మా ఊరి దొర పట్నంల ఇల్లు కట్టినంక ఒకనాడు మా బాపు సైకిలు దిగకుండ గడి దాటిండు. దాటుకుంట గంట కొట్టిండు. ‘ఇంట్ల ఎవలు లేనప్పుడు గంటెందుకు కొట్టినవయ్యా?’ అని మా అవ్వ అడిగితే, ‘గోడలకు సుత తెల్వాలె గదా’ అన్నడట. నాకు అప్పుడు ఎనిమిదేండ్లు. ఆ గంట చప్పుడు నేను చదివిన అన్ని ఉపన్యాసాల కంటె పెద్దది.

ఇగ చట్టం సంగతి వినుండ్రి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించిండ్రు. 2016 జనవరి 26 నుండి ఆ సవరణ అమలుకొచ్చింది. అందుల 3(1)(జెడ్‌ఎ) కింద కొత్త నేరాలు చేర్చిండ్రు. దళితుడు, ఆదివాసి బహిరంగ స్థలంల సైకిలు గాని మోటారు సైకిలు గాని ఎక్కితే, చెప్పులు గాని కొత్త బట్టలు గాని తొడిగితే, పెండ్లి ఊరేగింపు తీస్తే అడ్డుకునుడు నేరం. మోటారు సైకిలు అనే మాట చట్టంల స్పష్టంగ ఉన్నది. రాకెట్లు చంద్రుని మీదికి పంపే దేశపు పార్లమెంటు, కొందరు మనుషులు మోటారు సైకిలు ఎక్కితే ఇంకొందరు అడ్డుకుంటరు గనుక అది నేరమని రాసుకోవల్సి వచ్చింది. రాజ్యాంగంల ఆర్టికల్ 15(2) బావులు, చెరువులు, స్నానఘట్టాలతోపాటు రోడ్ల పేరు గూడ పెట్టింది 1950లనే. అరవై ఐదేండ్లయినా సరిపోక మల్ల రాసిండ్రు. రాసినంక ఆగిందా? 2025 ఫిబ్రవరిల తమిళనాడు శివగంగ జిల్లాల ఒక దళిత విద్యార్థి చేతుల మీద కత్తివేటు పడ్డది. ‘నువ్వు బుల్లెట్ నడుపుతవా’ అన్న కక్షతోనే నరికిండ్రని ఇంటోళ్లు ఫిర్యాదు చేసిండ్రు, అరెస్టులు జరిగినయి. బండి నడిపేది చేతులతోని గనుక చేతులే నరికిండ్రు. మనువు రాయని శిక్ష ఇది. మనువు కాలంల బుల్లెట్ లేదు.

ఈ చట్టం సంగతి తెలిసినోళ్లమే నలుగురం 2025 సంక్రాంతి సెలవులల్ల బండ్ల మీద బయలెల్లినం. నేను బడిపంతులును. ఒక దోస్తు సింగరేణిల చేసి దిగిపోయిన కార్మికుడు, మాల. ఒకాయన పెద్దపల్లి వకీలు, మాదిగ. ఇంకొకాయన చెన్నూరు దిక్కు నేతకాని, ఆర్టీసీ కండక్టరు. యాభై దాటిన పోరగాండ్లం. రెండు స్ప్లెండర్లు, ఒక పాత బుల్లెట్. నాలుగు రోజులు, పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాలు. 2016 అక్టోబరుల ఈ రెండింటిని ముక్కలు చేసి ఎన్నో జిల్లాలు చేసిండ్రు, గని మా నోట్లె ఇప్పటికీ రెండే.

బండి స్టార్టు చేస్తుంటే మా వాడకట్టు పెద్దమ్మ వచ్చి అడిగింది. ‘ఎటు పోతున్నవు కొడుకా? ఎవలు సచ్చిండ్రు?’

‘ఎవలు సావలేదు పెద్దమ్మా.’

‘మరి కోర్టుకా? దవాఖానకా?’

‘ఊకెనే పోతున్నం.’

‘ఊకెనే ఎవలన్న పోతరా బిడ్డా!’

ఆమె అన్న ఆ మాటల మా కులం మొత్తం చరిత్ర ఉన్నది. మేం తిరగని దేశం లేదు. బొంబాయిల బిల్డింగులు మోసినం, భీవండిల సాంచాలు నడిపినం, సూరతుకు పోయినం. జగిత్యాల, సిరిసిల్ల నుండి దుబాయి, మస్కటు పోయినం, కొందరం పెట్టెలల్ల తిరిగి వచ్చినం. హైదరాబాద్ విమానాశ్రయం నుండి ఆ పెట్టెలు వచ్చిన తొవ్వ సుత ఇదే. బతుకుదెరువుకు తిరిగినం, సావుకు తిరిగినం, కేసులకు తిరిగినం. ఊకెనే మాత్రం తిరగలేదు. ఊకెనే తిరిగే హక్కును మా నుండి ఎంత లోతుగ గుంజుకున్నరంటే, అది పోయిందని సుత మాకు యాదికి లేదు.

మొదటి రోజు జగిత్యాల, ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీద గోదావరి దాటినం. నది అవతల ఆదిలాబాద్. లక్సెట్టిపేట దిక్కు లింగాపురంల పుట్టినోడే గూడ అంజయ్య. 2016లో పోయిండు. ఊరు ఎవలదో తేల్చి చెప్పిన పాట ఆయనది. ఆ పాట పాడిన మా తరానికి ఊరు మనదేనన్న ధైర్యం వచ్చింది. ఊరు మనదైనప్పుడు ఊరికీ ఊరికీ నడుమున్న తొవ్వ ఎవలది? ఆ ప్రశ్న మేం వేసుకోలేదు. 1980, 90లల్ల మా జిల్లాల మోటారు సైకిలు మీద కొత్త మొఖం కనబడితే రెండు దిక్కుల అనుమానమే. పోలీసులకు నక్సలైటు లెక్క, దళాలకు ఇన్ఫార్మరు లెక్క. ఊర్ల బండి ఉన్నోడు ఎవడు? దొర కొడుకు, ఫైనాన్సోడు, ఎస్సై. ఇనుప గుర్రం మీద వచ్చేటోడు ఎప్పుడూ వసూలుకే వచ్చిండు.

రాత్రి బెల్లంపల్లిల కార్మికుల క్వార్టర్ల పండుకున్నం. మా సింగరేణి దోస్తు తండ్రి మా పక్క ఊరి నుండి జీతగాని బతుకు ఇడిసిపెట్టి పారొచ్చి బొగ్గుబాయిల కలిసిండు. దొర మనుషులు ఎతుక్కుంట వస్తే భూమి లోపల ఉన్నడు. ‘దొర చెయ్యి భూమి మీదనే పారుతది, అడుగున పారది’ అని నవ్వేటోడట. బెల్లంపల్లి చుట్టున్న పాత బాయిలు చాలా మూతపడ్డయి. మందమర్రి దిక్కు ఓపెన్‌కాస్టుల మట్టి గుట్టలు లేచినయి. టూరిస్టు పటంల ఈ గుట్టలు ఉండయి.

తెల్లారి ఆసిఫాబాద్ తొవ్వల ఒక చిన్న హోటలు కాడ ఆగినం. చలి కొరుకుతున్నది. అప్పటికి పొద్దటి సంది మాకు లొల్లి నడుస్తున్నది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణకు ఒప్పుకుంట ఇచ్చిన తీర్పు మీద. వకీలు, నేను ఒక దిక్కు. సింగరేణాయన ఇంకో దిక్కు. ‘మీ వాటా మీకొస్తే మాకేం బాధ లేదన్నా, గని ఇల్లు పంచుకునేటప్పుడు గోడ పగలగొడితె బయటోడు చూస్తడు’ అని ఆయన. ‘గోడ నడుమ మేం నలభై ఏండ్లు నిలబడ్డం కాకా, కాళ్లు గుంజుతున్నయి’ అని వకీలు. (ఆ తర్వాత 2025 ఏప్రిల్ 14 నుండి తెలంగాణల వర్గీకరణ చట్టం అమలుకొచ్చింది.) లొల్లి ఆపి చాయ తాగినం, గాజు గ్లాసులల్ల. హోటలాయన మంచి మనిషే, నవ్వుకుంట అడిగిండు. ‘ఏ ఊరు సార్? ఎవలోళ్లు మీరు?’ సింగరేణాయన దాచే మనిషి గాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. ‘అట్లనా, మంచిది’ అన్నడు హోటలాయన. చలికి ఇంకో చాయ చెప్పినం. ఈసారి కాయితం గ్లాసులల్ల వచ్చింది. పక్క బల్ల మీదోళ్లకు గాజు గ్లాసులే.

రెండు గ్లాసుల పద్ధతి పోయిందని పేపర్లల్ల రాస్తరు. పోయిన మాట నిజమే. కాయితం గ్లాసు దానికంటె తెలివైంది. ఎవలూ కడగనక్కర లేదు, దండెం మీద వేరే పెట్టనక్కర లేదు, ఏ నిజనిర్ధారణ కమిటీకీ సాక్ష్యం దొరకదు. తాగి మనమే పారేస్తం. వర్గీకరణ కాడ వేరువేరుగ ఉన్న నలుగురికి ఆ కాయితం గ్లాసు కాడ వాటాలు సమానంగ వచ్చినయి.

అమెరికాల 1936 నుండి 1960ల నడిమి దాకా ఒక పుస్తకం అచ్చయ్యేది. విక్టర్ హ్యూగో గ్రీన్ అనే న్యూయార్కు నల్లజాతి పోస్టుమ్యాన్ దాన్ని మొదలు పెట్టిండు. కారు మీద పోయే నల్లోళ్లకు ఏ ఊర్ల లాడ్జి ఇస్తరు, ఏ ఊర్ల అన్నం పెడతరు, ఏ బంకుల పెట్రోలు పోస్తరు అని ఊరు ఊరుకు రాసిన పుస్తకం. దాన్ని గ్రీన్ బుక్ అంటరు. పొద్దు గూకినంక నల్లోడు కనబడకూడదనే ఊర్లు ఉండేటియి గనుక ఆ పుస్తకం ప్రాణాలు కాపాడింది. మనకు అటువంటి పుస్తకం ఎందుకు లేదు? నల్లోని రంగు తలుపు కాడనే కనబడుతది, తలుపు మూసేటోడు అక్కడనే మూస్తడు. మన కులం కనబడది. దాన్ని అడిగి తెలుసుకుంటరు, తెలుసుకున్నంక గ్లాసు మారుస్తరు. ‘ఏ ఊరు, ఎవలోళ్లు’ అనే రెండు ముక్కల ప్రశ్న ఈ దేశంల అన్నిటికంటె పాత చెక్‌పోస్టు. దానికి గేటు లేదు, బోర్డు లేదు.

కండక్టరు దోస్తు అన్నడు. ‘ఇంకోసారి అడిగితే టూరిస్టులమని చెప్పుదాం, అయిపోతది.’ ఆ మాట ఇంతకు ముందు గూడ ఒకలన్నరు, ఇదే నిజాం రాజ్యంల. 1934లో అంబేడ్కర్ తన సహచరులు ముప్ఫై మంది దాకా కలిసి వేరూలు గుహలు చూద్దామని బయలెల్లిండు. హైదరాబాద్ రాజ్యంల అంటరానోళ్లమని చెబితే కష్టమని, మామూలు యాత్రికుల లెక్క పోవాలని అనుకున్నరు. దౌలతాబాద్ కోట కాడ దుమ్ము కొట్టుకున్న మొఖాలు, కాళ్లు చెరువుల కడుక్కున్నరు. అంతే, ఒక ముసలాయన కేకలేసిండు, గుంపు జమైంది, చెరువు మైల పడ్డదన్నరు. ఆఖరికి లోపల ఎక్కడ నీళ్లు ముట్టొద్దనే షరతు మీద, తుపాకి సిపాయిని ఎంట పంపి కోట చూపెట్టిండ్రు. దానికి ఐదేండ్ల ముందు, 1929లో, చాలీస్‌గావ్‌ల ఆయనను ఎక్కించుకోను టాంగావాలాలు ఒప్పుకోలేదు. గుర్రం తోలుడు రాని మహర్ యువకుడు టాంగా నడిపితే అది బోల్తా కొట్టి ఆయన కాలు విరిగింది. ఆయన బారిస్టరు. బండి తోలేటోని దృష్టిల ఆ చదువు బండి మెట్టు ఎక్కటానికి సుత పనికిరాలేదు. మన నాయకుని కాలు విరిగిన తొవ్వ గురించి మనం సభలల్ల ఎందుకు మాట్లాడం? విగ్రహాల అంబేడ్కర్ ఎప్పుడూ నిలబడే ఉంటడు. ప్రయాణం చేసే అంబేడ్కర్‌ను మనం మరిచిపోయినం.

కెరమెరి ఘాటు ఎక్కి జోడేఘాట్ పోయినం. 1940లో కుమ్రం భీం నిజాం పోలీసుల తుపాకులకు నేలకొరిగిన జాగ అది. 2016లో అక్కడ మ్యూజియం కట్టిండ్రు. రోడ్డు వేసిండ్రు. బాగుంది, వెయ్యాలె. గని ఒకటి గమనించుండ్రి, అడివిల మొదలు రోడ్డు ఎవలకోసం పడ్డది? కలప లారీకి, పోలీసు జీపుకు. రోగమొచ్చిన మనిషిని మంచం మీద మోసేటోళ్ల కోసం పడ్డ రోడ్డు అన్నిటికంటె ఆఖరుకు వస్తది. జల్, జంగల్, జమీన్ అన్న మనిషి విగ్రహం దాకా తారు రోడ్డు. ఆయన అడిగిన పోడు భూమి కాడ ఇంకా కేసులు, కందకాలు.

మూడో రోజు ఉట్నూరు నుండి ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20, సోమవారం, అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభకని గోండులు గూడేల నుండి నడిచి వచ్చిండ్రు. సభకు అనుమతి లేదన్నరు. వచ్చే తొవ్వలల్ల ఆపిండ్రు, ఆపితే ఆగనోళ్ల మీద కాల్చిండ్రు. సర్కారు లెక్క 13 మంది. హక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. సచ్చినోళ్లకు స్తూపం కడితే 1986లో దాన్ని పేల్చేసిండ్రు, మల్ల కట్టిండ్రు. ఏండ్ల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే ఆ స్తూపం దిక్కు పోయే తొవ్వలన్నీ బందు పెట్టిండ్రు. అంటే, నడిచి వస్తే కాల్చిండ్రు. కాల్చిన జాగకు ఏడవటానికి నడిచి వస్తే అదీ ఆపిండ్రు. తొవ్వ అంటే తారు, కంకర మాత్రమే అనుకునేటోళ్లు ఒక్కసారి ఆ స్తూపం కాడ నిలబడాలె.

అక్కడికి దగ్గర్లనే కేస్లాపూర్. ఏటా పుష్య అమావాస్యకు నాగోబా జాతర. దానికి ముందు మెస్రం వంశపోళ్లు ఉత్త కాళ్లతోని గోదావరి దాకా నడిచిపోయి నీళ్లు తెస్తరు. వాళ్ల ఉత్త కాళ్లు, మా తాత ఉత్త కాళ్లు ఒకటి గావు. మొక్కు కోసం చెప్పులు ఇడిస్తే అది మనిషి ఇష్టం. హుకుం మీద ఇడిస్తే అది బానిసతనం. ఈ తేడా తెలియనోళ్లే మన వెట్టిని ‘గ్రామీణ సంప్రదాయం’ అని రాస్తరు.

కుంటాల జలపాతం కాడ పట్నం బైకు క్లబ్బు ఒకటి దిగి ఉన్నది. పదిహేను దాకా పెద్ద పెద్ద బండ్లు. తోలు జాకెట్లు, తోలు గ్లౌజులు, మోకాళ్ల దాకా తోలు బూట్లు, హెల్మెట్ల మీద కెమెరాలు. చిన్న పోరగాండ్లు, మర్యాదస్తులే. ఒకతను వచ్చి ‘అన్నా, ఇక్కడ లోకల్ గైడ్ అంటే మీరేనా?’ అన్నడు. మా బండ్లు పక్కనే ఉన్నయి, బ్యాగులు కట్టి ఉన్నయి, మా మీద దుమ్ము సుత ఆయన మీదున్న దుమ్మే. అయినా మేం చూపెట్టేటోళ్లమే గాని చూసేటోళ్లమని ఆయన కంటికి తట్టలేదు. ‘మేం గూడ టూరే తమ్మీ’ అన్న. సిగ్గుపడి చెయ్యి కలిపిండు. ‘ఇంకా ఏమున్నయన్నా ఈ సైడు చూడటానికి?’ అని అడిగితే ఇంద్రవెల్లి పోయి రమ్మన్న. ‘అది గూడ వాటర్‌ఫాలేనా?’ అన్నడు.

ఆ పిలగాని మీద నాకు కోపం లేదు. డిగ్రీలు ఇచ్చి ఇంద్రవెల్లి చెప్పని చదువు మీద కోపం. ఒకటి మాత్రం చూసుకుంట ఉండిపోయిన, ఆయన జాకెట్టును. ఈ దేశంల కాన్పూరుల, ఆంబూరుల తోళ్ల కార్ఖానాలల్ల చేతులు నానబెట్టేది ఎవలు? దళితులు, ముస్లిములు. ఆ తోలు మీదికి వస్తే రైడరు, దాన్ని అదును చేస్తే అంటరానోడు. జంతువు చర్మానికి ఎక్కువ మర్యాద ఉన్నది ఈ దేశంల, మనిషి చర్మానికంటె. గొడ్డు చర్మం పట్నం పోయి జాకెట్టై తిరిగొస్తది. గొడ్డు తోలు ఒలిచినందుకు 2016లో గుజరాత్ ఉనాల మన పిల్లల చర్మం ఒలిచిండ్రు.

ఆ సాయంత్రమే అడివి తొవ్వల ఒక చెక్‌పోస్టు. క్లబ్బు బండ్లు మా ముందే పోయినయి, కట్టె లేపిండ్రు, చెయ్యి ఊపిండ్రు. మా మూడు బండ్లకు కట్టె దిగింది. బ్యాగులు విప్పమన్నరు. లైసెన్సులు, ఆధారులు, ఎందుకొచ్చిండ్రు, ఎవల దగ్గరికి? మా వకీలు సెక్షన్లు మాట్లాడబోతే చెయ్యి పట్టి ఆపిన. ఆ కాపలా పిలగాని మొఖం చూస్తే మన పిలగాడే, ఔట్‌సోర్సింగు జీతగాడు. మనోని చేత మనోని బ్యాగు విప్పించుడే ఈ వ్యవస్థ నైపుణ్యం. మొఖం నలుపు, బండి చిన్నది, జాకెట్టు లేదు. ఇగ వాళ్లకు కులం అడిగే పని సుత లేకపోయింది.

నాలుగో రోజు నిర్మల నుండి గోదావరి దాటి కోరుట్ల, వేములవాడ మీదుగ సిరిసిల్ల దిక్కు తిరిగినం. మిడ్ మానేరుల మునిగిన ఊర్లకు పోయే పాత రోడ్లు నీళ్లల్లకు దిగి అక్కడనే ఆగిపోతయి. ఆ తొవ్వల పక్కనే తంగళ్లపల్లి మండలం నేరెళ్ల. 2017 జూలైల ఇసుక లారీ కింద పడి ఒక దళితుడు సచ్చిపోతే జనం కడుపు మండి లారీలు కాలబెట్టిండ్రు. పోలీసులు ఎనిమిది మందిని పట్టుకపోయిండ్రు, ఎక్కువ మంది దళితులే. చిత్రహింసలు పెట్టిండ్రని బాధితులు చెప్తే రాష్ట్రమంత అట్టుడికింది. మన వాగుల ఇసుక, మన రోడ్డు, మన శవం. లారీ మాత్రం వాళ్లది, లారీ కాలితె కేసు మాత్రం మన మీద.

ఇగ మా సంఘం తమ్ముళ్లకు జవాబు చెప్పాలె. తిరిగి వచ్చినంక ఒక మీటింగుల అడిగిండ్రు. ‘సార్, జనం కష్టాలల్ల ఉంటే మీరు బైకు టూర్లకు పోతరా? ఇది మధ్యతరగతి సోకు గాదా?’

చే గువేరా 1952లో దోస్తుతోని నార్టన్ బండెక్కి దక్షిణ అమెరికా తిరిగిండు. ఆ డైరీ మీ హాస్టలు గదులల్ల దిండు కింద ఉంటది. డాక్టరు చదివే అర్జెంటీనా మధ్యతరగతి పిలగాడు తిరిగితే అది విప్లవానికి మొదటి మెట్టు, మాదిగోడు స్ప్లెండర్ మీద తిరిగితే సోకా? ఎవలు నేర్పిండ్రు మీకు ఈ లెక్క? దళితుడు రోడ్డెక్కితే ధర్నాకే ఎక్కాలె, బండెక్కితే ర్యాలీకే ఎక్కాలె, ఊరుదాటితే సభకే దాటాలె అని ఎవలు రాసిండ్రు? మన బాధ మాత్రమే మన ఆస్తి, సంతోషం మాత్రం పరాయిది అనే రాజకీయం నాకొద్దు. వెట్టి అంటే పని చేయించుకునుడు మాత్రమే గాదు. మనిషి కాలాన్ని మొత్తం గుంజుకునుడు. మా తాతకు తనది అనే పగలు ఒక్కటి లేకుండె. ఊకెనే నాలుగు రోజులు తిరిగినమంటే ఆ గుంజుకున్న కాలంల నుండి నాలుగు రోజులు తిరిగి తెచ్చుకున్నమన్నట్టు.

నా బిడ్డ డిగ్రీ చదువుతది. ఆమె ఇంకో మాట అన్నది. ‘మీరు నలుగురు మొగోళ్లు పోయి వచ్చిండ్రు బాపూ. చెక్‌పోస్టు కాడ బ్యాగులు విప్పితే మీకు కోపమొచ్చింది. మేం నలుగురు ఆడపిల్లలం స్కూటీల మీద పోతే కులం అడిగేటోడు, బ్యాగు విప్పేటోడు, ఎంటబడేటోడు అందరొస్తరు. ఆ తొవ్వ గురించి ఎవలు రాస్తరు?’ నువ్వే రాయాలె బిడ్డా. నా గొంతుతోని రాస్తే అది మల్ల పల్లకీ అయితది. మీ బండ్లు బయలెల్లిన నాడు మా వాడకట్టు మొత్తం వచ్చి సాగనంపుతం.

విద్యార్థి మిత్రులారా, మీరు పుస్తకాలల్ల చదివే తెలంగాణ వేరు, రెండు చక్రాల మీద గంటకు నలభై కిలోమీటర్ల లెక్కన కనబడే తెలంగాణ వేరు. పోండ్రి. ఊకెనే పోండ్రి. ఎక్కడ గ్లాసు మారిందో రాసుకోండ్రి, ఎక్కడ కట్టె దిగిందో రాసుకోండ్రి. ఎవల ఇంట్ల అన్నం పెట్టిండ్రో అది గూడ రాసుకోండ్రి, అదీ చరిత్రే. కోటల ఎత్తు, జలపాతాల లోతు వాళ్లు రాసుకున్నరు. కోట రాళ్లు మోసినోళ్ల ఊర్లు, డ్యాముల మునిగిన వాడలు, స్తూపాల తారీకులు మనం రాయాలె. మన గ్రీన్ బుక్ మనమే అచ్చేసుకోవాలె. గ్లాసు మార్చినోడు దాన్ల తన హోటలు పేరు చూసి ఉలిక్కిపడాలె.

తొవ్వ ఎవలదని ఎవడన్న అడిగితే బెదరకుండ చెప్పుండ్రి. పాలమూరు లేబరై కంకర కొట్టినం, తారు పోసినం. పోసే ప్రతి లీటరు పెట్రోలు మీద పన్ను కడుతున్నం, ఆ పన్ను గుంజేటప్పుడు ఏ ఊరు, ఎవలోళ్లని సర్కారు ఎన్నడూ అడగలే. తోలు మాది. కాళ్లు మావి. తొవ్వ గూడ మాదే.